బంతిని కాదురా, ముందు ఆ ఐదుగురిని చూడు

మా మిల్లులో క్రేన్ నడిపే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. 1974 శరదృతువు అది. మెటలర్జీ చదువుకుని నేను పిట్స్‌బర్గ్‌లో దిగి రెండు నెలలు కూడా కాలేదు. ఫుట్‌బాల్ అంటే నాకు అప్పటికి కాలితో తన్నే ఆటే. ఒకరోజు భోజనాల వేళ ఆయన టేబుల్ మీద ఐదు బోల్టులు వరుసగా నిలబెట్టాడు. వాటికి ఎదురుగా నాలుగు నట్లు పెట్టాడు. "ఆటంటే ఇదీ. మిగతాదంతా ఊరేగింపు" అన్నాడు.

కుర్రతనంలో హైస్కూల్ జట్టుకి గార్డ్‌గా ఆడాడట. రెండో బోల్టుని వేలితో వెనక్కి లాగాడు. మధ్యలో ఉన్న సెంటర్ బోల్టు వెనకనుంచి దాన్ని అడ్డంగా జరుపుకుంటూ వెళ్లాడు. అవతలి పక్క ఒక నట్టు, అడ్డేవాడు లేడు కదా అని లోపలికి తోసుకొచ్చింది. దాన్ని ఈ బోల్టుతో పక్కనుంచి టక్కుమని కొట్టాడు. నట్టు ఎగిరి నా లంచ్ డబ్బా పక్కన పడింది. దాన్ని ట్రాప్ అంటారని ఆ రోజే తెలిసింది. వచ్చేవాణ్ణి రానిచ్చి, వాడి వేగంతోనే వాణ్ణి దారిలోంచి తప్పించడం. "ఆదివారం టీవీ ముందు కూర్చున్నప్పుడు బంతిని చూడకు, ఈ ఐదుగురినీ చూడు" అన్నాడు. యాభై ఏళ్లు దాటింది, నేనింకా అలాగే చూస్తున్నాను.

ఆట చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టులో పదకొండుమంది ఉంటారు. వాళ్లలో ఐదుగురు అఫెన్సివ్ లైన్‌మెన్. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, ఆ చివరా ఈ చివరా టాకిల్‌లు. మామూలుగా వీళ్లు పాస్ అందుకోకూడదు. బంతి పట్టుకుని పరుగెత్తే పనీ వీళ్లది కాదు. ఎదుటివాణ్ణి అడ్డుకుని, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడం, పరుగెత్తేవాడికి దారి తెరవడం, ఇంతే పని. అరవై సార్లు సరిగ్గా చేస్తే ఎవరూ పేరెత్తరు. అరవై ఒకటోసారి ఎదుటివాడి చొక్కా పట్టుకున్నాడని రెఫరీ పసుపు గుడ్డ విసిరితే మాత్రం నంబరు చెప్పి మరీ స్టేడియం అంతా వినిపిస్తారు.

ఇప్పుడు మా మనవడి సంగతి. స్కూల్ జట్టులో వాడు గార్డ్. మొన్న నా పక్కన కూర్చుని మ్యాచ్ చూస్తూ, పరుగెత్తేవాడు ముప్ఫై గజాలు లాగించగానే ఫోను ఎత్తి "తాతా, నాకు పాయింట్లు వచ్చాయి" అని గంతేశాడు. ఫాంటసీ ఫుట్‌బాల్ పాయింట్లట. "ఆ దారి ఎవడు తెరిచాడ్రా?" అని అడిగాను. తెలీదన్నాడు. ఆ దారి తెరిచింది కుడి గార్డ్, వీడు ఆడే చోటే. వాడు చూడలేదు. ఆ పాయింట్ల లెక్కలో లైన్‌మన్‌కి చోటే లేదు. గార్డ్‌గా ఆడే పిల్లవాడే గార్డ్‌ని చూడకపోతే ఇంక ఎవరు చూస్తారు? అదీ నా బాధ.

మా రోజుల్లో ఈ ఊళ్లో లైన్‌మెన్ పేర్లు పిల్లలకి కూడా నోటికి వచ్చేవి. 1975 జనవరి 12న న్యూ ఆర్లియన్స్‌లో మా ఊరి జట్టు స్టీలర్స్ మొదటి సూపర్ బౌల్ గెలిచారు, మిన్నెసోటా మీద 16-6. ఫ్రాంకో హారిస్ ఆ రోజు 158 గజాలు పరుగెత్తాడు. మిన్నెసోటా జట్టు మొత్తం కలిపి పరుగుల్లో 17 గజాలే చేసింది. హారిస్ గొప్పవాడే, కాదనను. కానీ ఎదురుగా ఉన్నది ఆలన్ పేజ్, కార్ల్ ఎల్లర్. మెరుపులాంటి మనుషులు. వాళ్లని బలంతో నెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే క్రేన్ పెద్దాయన బోల్టులతో చూపించిన పనే మావాళ్లు మైదానంలో చేశారు. రానిచ్చి, పక్కనుంచి కొట్టారు. ఎదుటివాడి చురుకుదనాన్నే వాడికి శత్రువుని చేశారు. జాన్ కోల్బ్, జిమ్ క్లాక్, రే మాన్స్‌ఫీల్డ్, గెర్రీ మలిన్స్, గోర్డన్ గ్రావెల్. ఈ ఐదు పేర్లూ మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవర్ని లేపి అడిగినా చెప్పేవాళ్లు. కోచ్ చక్ నోల్ స్వయంగా క్లీవ్‌లాండ్‌కి గార్డ్‌గా ఆడినవాడు. లైన్‌లో నిలబడినవాడికే లైన్ విలువ తెలుస్తుంది. ఆ ఆటలో టచ్‌డౌన్ పట్టిన టైట్ ఎండ్, అంటే లైన్ చివర నిలబడి పాస్‌లు కూడా అందుకునేవాడు, లారీ బ్రౌన్‌ని తర్వాత కొన్నేళ్లకి కుడి టాకిల్‌గా మార్చారు. బంతి పట్టే చేతులు పోయి నెట్టే చేతులు వచ్చాయి. ఆయన ఆ చోట ఏళ్ల తరబడి నిలబడి ఆడాడు.

అసలు లైన్‌మన్‌ని నిలబెట్టేది ఏమిటి? బరువు అంటారు అందరూ. నేను మాత్రం మొదటి అడుగు అంటాను.

1986 ఆగస్టులో మా అబ్బాయి హైస్కూల్ జట్టులో చేరాడు. ఇప్పుడు మనవడు ఆడే చోటే, గార్డ్. సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా మైదానం కంచె దగ్గరికి వెళ్లి నిలబడేవాణ్ణి. అక్కడ ఇనుప గొట్టాలతో కట్టిన పంజరం ఒకటి ఉండేది. నాలుగు పక్కలా తెరిచే ఉంటుంది, పైకప్పు మాత్రం నడుము కన్నా కాస్త ఎత్తు. చ్యూట్ అనేవారు. కుర్రాడు దాని కింద వంగి, ఒక చెయ్యి నేల మీద ఆనించి, విజిల్ వెయ్యగానే ముందుకి దూకాలి. అలవాటుకొద్దీ పైకి లేచాడా, పైన గొట్టం ఖంగుమంటుంది. పంజరం కింద నేల మీద ఎనిమిది అడుగుల చెక్క ఒకటి పొడుగ్గా పరిచి ఉండేది. పరుగెత్తేటప్పుడు ఆ చెక్క రెండు కాళ్ల మధ్యా ఉండాలి. కాళ్లు దగ్గరికి చేరాయంటే చెక్క తగిలి బోర్లా పడటమే. మొదటి వారం మావాడు పడుతూనే ఉన్నాడు. మోచేతులు గీసుకుపోయి ఇంటికొస్తే మా ఆవిడ పసుపు పెట్టి, ముద్దపప్పు నెయ్యి కలిపి పెట్టి, కోచ్‌ని తిట్టేది.

మూడో వారానికి తేడా నా కళ్లకే కనిపించింది. అంతకుముందు విజిల్ వినగానే మావాడు ముందు పైకి లేచి, అప్పుడు ముందుకి వెళ్లేవాడు. ఇప్పుడు లేవడం మానేశాడు. మొదటి అడుగు జానెడుంటే ఎక్కువ. కుడి కాలు జానెడు ముందుకి, వెంటనే ఎడమ కాలు నేలకి. రెండో అడుగు నేలని తాకేలోపే రెండు చేతులూ ఎదుటివాడి గుండెల మీద ఉండాలి. రెండో అడుగు ఎవడిది ముందు నేలకి తగులుతుందో వాడిదే పైచెయ్యి. నిలబడ్డవాడి కింద దూరినవాడు తనకన్నా పాతిక కిలోలు ఎక్కువ బరువున్నవాణ్ణి కూడా ఎత్తగలడు. మిల్లులో గునపంతో ఇనుప దిమ్మెలు కదిపినవాణ్ణి, ఆ లెక్క నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊతం ఎంత కిందుంటే బరువు అంత తేలిక. నడుములో వంగితే చాలదు, మోకాళ్లూ తుంటీ వంగాలి. వీపు బల్లలా ఉండాలి, తల ఎత్తి ఉండాలి. రోజుకి యాభైసార్లు, అరవైసార్లు. చూసేవాళ్లకి విసుగు పుడుతుంది. నాకు పుట్టలేదు.

చేతుల సంగతి వేరు. ఈ విషయంలో నేను మా కాలాన్ని వెనకేసుకురాను. 1978కి ముందు పాస్ అడ్డుకునేటప్పుడు లైన్‌మన్ చేతులు చాచకూడదు, అరచేతులు తెరవకూడదు. పిడికిళ్లు గుండెకి ఆనించుకుని భుజంతో, తలతో కాచుకోవాలి. ఎదుటివాడికి మాత్రం 1977 దాకా తల మీద చెళ్లున చరిచే హక్కు ఉండేది. 1978లో చేతులు చాచవచ్చని నియమం మార్చారు. దాంతో ఈ పని ఒక విద్య అయింది. బొటనవేళ్లు పైకి, మోచేతులు లోపలికి, అరచేతి కింది భాగం ఎదుటివాడి చంకల మధ్య పడాలి. ముందే చాస్తే వాడు విదిలించుకుని పోతాడు. ఆలస్యమైతే మీదికి వచ్చేస్తాడు. ఆ క్షణం పట్టుకోవడం పుస్తకంలో దొరకదు.

మైక్ వెబ్‌స్టర్‌కి అది దొరికింది. విస్కాన్సిన్ నుంచి వచ్చాడు. 1974 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, ఐదో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. 6 అడుగుల 1 అంగుళం, 255 పౌండ్లు, మన లెక్కలో 116 కిలోలు. సెంటర్‌కి చిన్నవాడన్నారు. ఆ చిన్నవాడు మా స్టీలర్స్‌కి 15 సీజన్లు, 220 ఆటలు ఆడాడు. నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచాడు. 1997లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. డిసెంబరులో మంచు కురుస్తుంటే చేతులకి ఏ ఆచ్ఛాదనా లేకుండా, ఎదుటివాడికి పట్టు దొరక్కుండా చొక్కా చేతులు భుజాల దాకా బిగించుకుని వచ్చేవాడు. ఎత్తు చెప్పుకోవడానికి గుమిగూడిన హడిల్ విడిపోగానే అందరూ నడుచుకుంటూ వస్తే ఆయన పరుగెత్తుకుంటూ బంతి దగ్గరికి చేరేవాడు. నాలుగో క్వార్టర్‌లో కూడా అంతే. ఎదుటి జట్టు నడుం మీద చేతులేసుకుని రొప్పుతుంటే అక్కడ వంగి సిద్ధంగా ఉండేవాడు. ఆ పరుగు నేను త్రీ రివర్స్ స్టేడియంలో పై వరసలో కూర్చుని చూశాను. ఇప్పటికీ కళ్లల్లో ఉంది.

ఆ మనిషి 2002లో యాభై ఏళ్లకే పోయాడు. చివరి ఏళ్లలో పికప్ ట్రక్కులో పడుకున్న రాత్రులున్నాయి. ఈ ఊళ్లోనే డాక్టర్ బెన్నెట్ ఒమాలు ఆయన మెదడు పరీక్షించాడు. ఏళ్ల తరబడి తగిలిన దెబ్బలకి మెదడు పాడైపోయిందని 2005లో వైద్య పత్రికలో రాశాడు. అది చదివిన రోజు మా అబ్బాయికి ఫోన్ చేశాను. వాడి చివరి ఏడాది ఆటలో ఒకసారి తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగితే, కాస్త దిమ్మ తిరిగిందిలే అని పక్కన కూర్చోబెట్టి, అమోనియా వాసన చూపించి, పది నిమిషాల్లో మళ్లీ మైదానంలోకి పంపారు. నేను కంచె దగ్గరే ఉన్నాను. గట్టిగా అడగలేదు. ఆ రోజు అడగనందుకు ఇవాళ్టికీ నిద్ర పట్టని రాత్రులున్నాయి. కాబట్టి పాత రోజులన్నీ తిరిగి రావాలని నేనడగను. తలతో కొట్టే ఆట పోవడమే మంచిది. నేనడిగేది ఆ జానెడు అడుగు, ఆ చేతులు, ఆ ఓర్పు. వాటికి తలతో పనిలేదు.

ఇప్పుడు చూడండి. ఏటా డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లని వరుసగా నిలబెట్టి టేపుతో చేతులు కొలుస్తారు. 34 అంగుళాలుంటే టాకిల్, ఒక్క అంగుళం తగ్గితే నువ్వు లోపలికి జరుగు, గార్డ్‌వి అంటారు. 225 పౌండ్ల బరువు ఎన్నిసార్లు ఎత్తావో లెక్కపెడతారు. 40 గజాలు ఎన్ని సెకన్లలో పరుగెత్తావో చూస్తారు. లైన్‌మన్ తిన్నగా 40 గజాలు పరుగెత్తే రోజు జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? వాడి ఆటంతా ఐదు గజాల్లో. వెబ్‌స్టర్‌ని ఇవాళ ఆ టేపు ముందు నిలబెడితే పేరు కూడా రాసుకోరు. 300 పౌండ్ల మనిషి మా రోజుల్లో అరుదు, ఇప్పుడు అంతకన్నా తక్కువుంటే సన్నగా ఉన్నాడంటారు.

బరువు పిచ్చి ఇవాళే పుట్టిందని కూడా అనను. పెన్ హిల్స్‌లో మన వెంకటేశ్వరస్వామి గుడి ఉందే, 1977లో కుంభాభిషేకం జరిగింది, ఆ ఊరి కుర్రాడే బిల్ ఫ్రాలిక్. మేము కొండెక్కి గుడికి వెళ్లే ఆ ఏళ్లలోనే అతను పెన్ హిల్స్ హైస్కూల్‌లో ఆడేవాడు. ఆ తర్వాత పిట్ యూనివర్సిటీలో టాకిల్. ఎదుటివాణ్ణి నేల మీద అట్టులా పరిచేస్తే దాన్ని పాన్‌కేక్ అని పేరుపెట్టి లెక్క మొదలుపెట్టింది పిట్ వాళ్లు, ఇతని కోసమే. లైన్‌మన్‌కి కూడా ఒక అంకె దొరికింది. 1985లో రెండో పిక్‌గా అట్లాంటా వెళ్లాడు. నాలుగేళ్ల తర్వాత సెనేట్ కమిటీ ముందు కూర్చుని, లీగ్‌లో స్టెరాయిడ్ల వాడకం గురించి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. మా స్టీలర్స్ మాజీ గార్డ్ స్టీవ్ కోర్సన్ అంతకుముందే, 1985లో, తాను వాడినట్టు ఒప్పుకున్నాడు. మందులతో కండ పెంచడం మా కాలపు పాపం. దాన్ని కూడా మా ఖాతాలోనే రాయండి. కానీ ఫ్రాలిక్‌ని చూసినవాణ్ణి, చెబుతున్నాను. ఎదుటివాణ్ణి నేల మీద పరిచింది కండ కాదు, మొదటి అడుగు తర్వాత కూడా ఆగని కాళ్లు. తగిలాక చాలామంది కాళ్లు ఆగిపోతాయి. అతనివి ఈల వేసేదాకా కదులుతూనే ఉండేవి.

ఇంకో సంగతి. ఐదుగురు మంచివాళ్లుంటే మంచి లైన్ అయిపోదు. చిన్నప్పుడు చెడుగుడు ఆడేటప్పుడు మేము చేతులు పట్టుకుని గొలుసు కట్టేవాళ్లం. కూతకొచ్చినవాడు గొలుసులో మెత్తని చోటు ఎక్కడుందో చూసి అక్కడే తాకేవాడు. ఇక్కడా అంతే. నలుగురు కొండల్లా నిలబడి ఒక్కడు తప్పితే క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు. 1985 నవంబరులో వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థైస్‌మన్ కాలు టీవీలో అందరూ చూస్తుండగానే విరిగింది. ఎదుటి జట్టు లారెన్స్ టేలర్ మీద పడ్డాడు. వాషింగ్టన్‌ది అప్పట్లో లీగ్‌లోనే పేరున్న లైన్, హాగ్స్ అని పిలుచుకునేవారు. అలాంటి లైన్ ఉండి కూడా ఆ ఒక్కసారి జరిగింది.

ఒద్దిక అంటే ఏమిటో చెబుతాను. ఒక్కోసారి ఎదుటి జట్టువాళ్లు ఇద్దరు కత్తెరలా అటువాడు ఇటు, ఇటువాడు అటు మారి వస్తారు. గార్డ్ తన మనిషిని టాకిల్‌కి అప్పగించి, టాకిల్ మనిషిని తాను అందుకోవాలి. మాట్లాడే వ్యవధి ఉండదు. పక్కవాడి తుంటి తన తుంటికి తగులుతుంటే తెలియాలి. సెంటర్ బంతి మీద చెయ్యేసి, ఎదుటి లైన్‌బ్యాకర్‌ని వేలితో చూపించి అరుస్తాడు. అదొక సంకేతం, దాన్నిబట్టి ఐదుగురూ ఎవరిది ఎవరో సర్దుకుంటారు. ఎదుటి ఊరి స్టేడియంలో హోరుకి చెవులు పనిచెయ్యవు. అప్పుడు గార్డ్ వెనక్కి చూసి సెంటర్ కాలు తడతాడు, సెంటర్ తల ఊపి బంతి అందిస్తాడు. ఒక్క కండరం ముందు కదిలిందా, ఐదు గజాలు వెనక్కి. ఈ ఒద్దిక ఏళ్ల మీద వస్తుంది. మా రోజుల్లో ఐదుగురూ ఏళ్ల తరబడి పక్కపక్కనే వంగేవాళ్లు. ఇప్పుడు నాలుగేళ్లకి కాంట్రాక్టు అయిపోగానే తలో ఊరు. మనిషికి నాలుగు డబ్బులు ఎక్కువ రావడం న్యాయమే, మిల్లులో యూనియన్ చందా కట్టినవాణ్ణి, దాన్ని తప్పుపట్టను. లైన్ మాత్రం ఏటా మొదటికొస్తోంది.

నేర్పే తీరిక కూడా తగ్గింది. 2011 ఒప్పందం తర్వాత సీజన్ మొత్తంలో ప్యాడ్లు కట్టుకుని చేసే ప్రాక్టీసులు 14 మించకూడదు. తలల కోసం పెట్టిన నియమం, పెట్టాల్సిందే. అయితే ప్యాడ్లు లేనిరోజు చ్యూట్ కిందికి దూరకూడదని ఆ ఒప్పందంలో రాయలేదు కదా! కాలేజీల్లో ఇంకా ఘోరం. చెయ్యి నేల మీద ఆనించకుండా, మోకాళ్ల మీద చేతులేసుకుని నిలబడి, కోచ్ పక్కనుంచి చూపించే అట్టముక్కల వైపు తల తిప్పి చూస్తుంటారు. అలా నాలుగేళ్లు నిలబడినవాడికి కిందికి వంగడం ఎప్పుడొస్తుంది? స్కూళ్లలో అయితే వేసవంతా ఏడుగురు ఒకవైపు, ఏడుగురు ఒకవైపు పాస్‌ల ఆట. అందులో లైన్‌మెన్ ఉండనే ఉండరు. మా మనవడినీ వాడి స్నేహితులనీ ఆ వేసవి అంతా బరువులెత్తుకోమని గదిలోకి తోశారు. వాడి బెంచ్ ప్రెస్ పెరిగింది. మొదటి అడుగు మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

నేర్పితే ఈ కాలం పిల్లలకీ వస్తుంది. సాక్ష్యం ఫిలడెల్ఫియాలో ఉంది, మా పిట్స్‌బర్గ్‌వాళ్లకి నచ్చినా నచ్చకపోయినా. జేసన్ కెల్సీ 2011లో 191వ పిక్. సెంటర్‌కి తేలికైనవాడన్నారు. 13 సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడాడు. బంతి అందించి, మరుక్షణం మైదానం అంచుదాకా పరుగెత్తి అక్కడ మనిషిని పడగొట్టేవాడు. అతన్ని చూస్తే మా కాలం గుర్తొచ్చేది. ఆ లైన్‌లోనే జోర్డన్ మైలాటా. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుతూ పెరిగాడు. 2018లో ఏడో రౌండ్‌లో తీసుకునేనాటికి అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడలేదు. మొదటి రెండు సీజన్లలో ఒక్క అసలు మ్యాచ్‌లోనూ దిగలేదు. లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ కాళ్లు ఎక్కడ పెట్టాలో, చేతులు ఎప్పుడు చాచాలో ఒక్కొక్కటీ దిద్దించాడు. అతనిది కొండంత శరీరం, నిజమే. కానీ శరీరం మొదటిరోజునుంచీ ఉంది, ఆట రెండేళ్ల తర్వాత వచ్చింది. ఆ రెండేళ్లలో ఏం జరిగిందో మా స్కూల్ కోచ్‌లు వెళ్లి చూసిరావాలి.

మా అబ్బాయి ఆడిన స్కూల్లో తర్వాత ఎప్పుడో ఆ పాత పంజరం తుక్కు కింద అమ్మేశారు. చెక్క మాత్రం పారేస్తుంటే నేను అడిగి తెచ్చుకున్నాను. ఎనిమిది అడుగుల పొడుగు, పది అంగుళాల వెడల్పు, అంచులు పిల్లల బూట్లు తగిలి నలిగిపోయి ఉన్నాయి. మొన్న శనివారం గ్యారేజీలోంచి తీసి వెనక పెరట్లో పరిచాను. పెద్ద కోడలు బట్టలారేసుకునే తాడుని రెండు చెట్ల మధ్య నడుము ఎత్తున కట్టాను. "హెల్మెట్ వద్దు, ఎవర్నీ కొట్టక్కర్లేదు, తాడు తగలకుండా చెక్కకి అటూ ఇటూ కాళ్లేస్తూ రెండు అడుగులు వెయ్యి చాలు" అన్నాను మనవడితో. మొదటిసారి తాడు మెడకి తగిలింది. రెండోసారి చెక్క మీద కాలేసి జారాడు. "తాతా, ఇది మాకెవరూ చెప్పలేదు" అన్నాడు. ఫోను వరండా మెట్టు మీద పెట్టి వచ్చాడు, దానికదే మోగుతుంటే పట్టించుకోలేదు. ఇరవైసార్లు చేశాడు. పద్దెనిమిదోసారి కాబోలు, తాడు కదల్లేదు.

వాడి స్కూల్ కోచ్‌కి అంతకుముందే ఉత్తరం రాశాను. రోజుకి ఇరవై నిమిషాలు, ఖర్చు లేదు, తలకి దెబ్బ లేదు అని రాశాను. మూడు వారాలైంది, జవాబు రాలేదు. రేపు శనివారం ఆ చెక్క కారు పైన కట్టుకుని నేనే మైదానానికి తీసుకెళుతున్నాను.